కొసరు అడగడం తెలిసిన చేతులు

2012 జులై 31. షికాగోలో మధ్యాహ్నం మూడు కొడితే ఆ సీజన్‌కి ఆటగాళ్లను అడ్డంకుల్లేకుండా మార్చుకునే తలుపు పడిపోతుంది. ఇంకా కొన్ని నిమిషాలే ఉన్నాయనగా షికాగో కబ్స్ జట్టు తమ పిచర్లలో ఆ ఏడాది అందరికన్నా బాగా ఆడుతున్న రయన్ డెంప్‌స్టర్‌ని టెక్సస్ రేంజర్స్‌కి ఇచ్చేసి, ఇద్దరు మైనర్ లీగ్ కుర్రాళ్లను తీసుకుంది. మొదటివాడు క్రిస్టియన్ విలనువేవా, థర్డ్ బేస్ ఆటగాడు. రెండోవాడు కైల్ హెండ్రిక్స్, పిచర్. ఆ సాయంత్రం అభిమానులు ఎక్కువగా మాట్లాడుకున్నది విలనువేవా గురించే. కిలో వంకాయలు తూచాక సంచిలో పడేసిన గుప్పెడు కరివేపాకులా ఉండిపోయింది హెండ్రిక్స్ పేరు.

ఆ కరివేపాకు కథే నేను చెప్పదలచుకున్నది. బేస్‌బాల్‌లో జట్టును కూలగొట్టి మళ్లీ కట్టడం, వాళ్ల మాటలో రీబిల్డ్, ఎన్నో జట్లు చేశాయి. 2012 నుంచి 2014 వరకు మూడు వేసవుల్లో జట్టు నిర్మాణం చూసే అధికారులు థియో ఎప్‌స్టీన్, జెడ్ హోయర్ కలిసి కబ్స్‌లో చేసిన పనిని మాత్రం ఒక్కో కుట్టూ విప్పి చూడాలనిపిస్తుంది. వాళ్ల నేర్పు పెద్ద పేర్లను రాబట్టడంలో కన్నా, బేరం తెగాక అడిగే రెండో పేరులో, మూడో పేరులో ఎక్కువగా కనిపిస్తుంది.

క్రికెట్ కళ్లతో చూసేవాళ్లకు ముందుగా ఒక మాట. అమెరికా బేస్‌బాల్‌లో ఒప్పందంలో ఉన్న ఆటగాణ్ని, సాధారణంగా అతని అనుమతి అడగకుండానే, సీజన్ మధ్యలో ఇంకో జట్టుకి ఇచ్చేయవచ్చు. సీజన్ 162 ఆటలు. జులై వచ్చేసరికి ఎవరు కప్పు దిశగా వెళ్తున్నారో, ఎవరి పని అయిపోయిందో తేలిపోతుంది. గెలిచే జట్టుకి ఈ రెండు మూడు నెలలకు పనికొచ్చే అనుభవజ్ఞుడు కావాలి. ఓడే జట్టుకి నాలుగేళ్ల తర్వాత పనికొచ్చే కుర్రాడు కావాలి. ఒకరి దగ్గరున్నది ఈనాటి పంట, ఇంకొకరి దగ్గరున్నది రేపటి విత్తనం. మారకం అక్కడ పుడుతుంది.

2011 అక్టోబరులో ఎప్‌స్టీన్ వచ్చేనాటికి కబ్స్ చివరిసారి వరల్డ్ సిరీస్ గెలిచి 103 ఏళ్లు. 1908 తర్వాత ఆ కప్పు జట్టు సొంత మైదానం రిగ్లీ ఫీల్డ్ మొహం చూడలేదు. అసలు ఆ మైదానమే 1914లో కట్టారు. అంటే ఆ ఐవీ తీగల గోడల మధ్య ఎవరూ, ఎన్నడూ, కబ్స్ విజేతలుగా నిలవడం చూడలేదు. తాత చూడలేదు, తండ్రి చూడలేదు, కొడుకు చూస్తాడో లేదో తెలియదు. అలాంటి ఊరికి ఒక కొత్త మనిషి వచ్చి, ఇంకొన్నేళ్లు ఓడిపోదాం అన్నట్టు పని మొదలుపెట్టాడు. 2012లో కబ్స్ 101 ఆటలు ఓడిపోయింది. 1966 తర్వాత అంత ఘోరం ఆ జట్టు చూడలేదు.

డెంప్‌స్టర్ విషయంలో అభిమానులు రెండుగా చీలారు. ఒక పక్షం అన్నది మన సామెతలో చెబితే, మబ్బుల్లో నీళ్లు చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకోవడం. 2004 నుంచి తమ జట్టులో ఉన్నవాడు, సరదా మనిషి, ఊరంతా తమవాడనుకున్నవాడు, ఆ వేసవిలో ఏకంగా 33 ఇన్నింగ్స్ పాటు ఒక్క పరుగు ఇవ్వనివాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున 2.25 పరుగులే ఇస్తున్నాడు. అలాంటివాణ్ని పంపేసి, ముఖం కూడా ఎరగని పిల్లలను తెచ్చుకోవడమా? ఈ కోపం తప్పని నేను అనను. ఆటను ప్రేమించేవాడు ఆటగాణ్ని ప్రేమిస్తాడు. లెక్కల పుస్తకాన్ని ప్రేమించమంటే ఎలా?

రెండో పక్షం ముంతకు చిల్లుందని చూపించింది. డెంప్‌స్టర్‌కి 35 ఏళ్లు. అక్టోబరుతో ఒప్పందం అయిపోతుంది. జట్టు కింద పడి ఉంది. అతను మిగిలిన ఆటలన్నీ గెలిపించినా మారేది ఏమీ లేదు. ఈ వాదనా నిజమే. అయితే ఆ ఏడాది ఇంకో చిక్కు వచ్చి పడింది. అంతకుముందు, సీజన్ మధ్యలో ఇలాంటివాణ్ని తెచ్చుకున్న జట్టుకి, ఆ చలికాలం అతను వెళ్లిపోతే పరిహారంగా, కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అదనపు అవకాశం దక్కేది. లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన కొత్త ఒప్పందంతో అది పోయింది. కొనేవాడికి వెనక్కి వచ్చేది ఏమీ లేనప్పుడు పెద్ద ధర ఎందుకు పెడతాడు? కబ్స్ బేరానికి కూర్చున్నది ధర పడిపోయిన సంతలో.

పైగా డెంప్‌స్టర్ చేతిలో ఒక హక్కు ఉంది. లీగ్‌లో పదేళ్లు, అందులో చివరి అయిదేళ్లు ఒకే జట్టులో ఆడినవాడు తన మారకాన్ని కాదనవచ్చు. జులైలో అట్లాంటాతో బేరం దాదాపు కుదిరింది. రాండల్ డెల్గాడో అనే యువ పిచర్ రావాలి. వార్త బయటికి పొక్కింది. డెంప్‌స్టర్ ఒప్పుకోలేదు. అతని మనసు లాస్ ఏంజెలెస్ మీద ఉంది. అక్కడి డాడ్జర్స్ జట్టు దిగి రాలేదు. అలా గడువు రోజు వచ్చేసింది. ఆఖరి గంటల్లో డెంప్‌స్టర్ కబ్స్ ఆఫీసుకే వచ్చి కూర్చున్నాడు, ఫోన్లలో ఏం నడుస్తోందో తన చెవులతో విన్నాడు. నాకు ఈ దృశ్యం చాలా ఇష్టం. అమ్ముడుపోతున్న మనిషిని దగ్గర కూర్చోబెట్టుకుని, దాచిందేమీ లేదని చూపించడం. అతను టెక్సస్‌కి సరే అన్నాడు.

ఇక పనితనం సంగతి. మర్టల్ బీచ్‌లోని కింది స్థాయి జట్టులో ఆడుతున్న హెండ్రిక్స్‌లో వీళ్లేం చూశారు? డార్ట్‌మత్ కాలేజీ నుంచి 2011 డ్రాఫ్ట్ ఎనిమిదో రౌండులో వచ్చాడు. ఎనిమిదో రౌండు అంటే అప్పటికే వందల పేర్లు పిలిచేశారని. కారణం ఒక్కటే, వేగం లేదు. లీగ్ అంతా 95 మైళ్ల వెంట పరుగెత్తుతున్న కాలంలో ఇతని బంతి గంటకు 88 మైళ్ల దగ్గర ఆగిపోయేది. కానీ ఆ వేసవిలో మర్టల్ బీచ్‌లో 130 ఇన్నింగ్స్ విసిరి 112 మందిని స్ట్రైకవుట్ చేసి, కేవలం 15 మందిని నడిపించాడు. నడిపించడమంటే నాలుగు బంతులు తప్పుగా వేసి బ్యాటర్‌కి ఉచితంగా బేస్ ఇచ్చేయడం. తొమ్మిది ఇన్నింగ్స్‌కి దాదాపు ఒక్కసారి లెక్కనే చేయి తప్పింది. తుపాకీ వేగం కొలిచేవాళ్లకు అది కనిపించదు. గురి కొలిచేవాళ్లకు కనిపిస్తుంది. అతని ఛేంజప్ చేతి నుంచి బయలుదేరేటప్పుడు వేగపు బంతిలాగే ఉంటుంది. బ్యాటు తిరిగిపోయాక వస్తుంది. ఎదుటివాడి కొట్లో మూల పడి ఉన్న సరుకును, దాని విలువ ఇంతని గట్టిగా అనకుండా, మామూలు గొంతుతో అడగడం ఒక విద్య. ఆసక్తి మొహంలో కనిపిస్తే ధర పెరుగుతుంది.

మరుసటి ఏడాది అదే విద్య ఇంకో రూపంలో కనిపించింది. 2012 చలికాలంలో స్కాట్ ఫెల్డ్‌మన్ అనే పిచర్‌ని ఒక్క ఏడాదికి 60 లక్షల డాలర్లకు తీసుకున్నారు. ఉంచుకోవడానికి కాదు, నాటి కోసి అమ్మడానికి. అతను బాగా ఆడాడు. 2013 జులై 2న అతన్నీ, క్యాచర్ స్టీవ్ క్లెవెంజర్‌నీ బాల్టిమోర్ ఓరియోల్స్‌కి ఇచ్చి, జేక్ అరియెటా, పెడ్రో స్ట్రోప్‌లను తెచ్చుకున్నారు. నెలాఖరు దాకా ఆగకుండా ముందే సంతకు వెళ్లడం కూడా లెక్కలో భాగమే. అరియెటా ఆశలు రేపే కొత్త కుర్రాడు కాదు, పాడైపోయాడని పక్కన పెట్టినవాడు. ఓరియోల్స్ తరఫున అతని సగటు 5.46. ఒళ్లు అడ్డంగా తిప్పి విసిరే అతని పద్ధతిని సరిదిద్దబోయి అక్కడ చెడగొట్టారని తర్వాత అతనే చెప్పుకున్నాడు. కబ్స్ చేసింది ప్రధానంగా ఏమిటంటే, అతని చేతిని అతనికే వదిలేశారు. 2015లో 22 గెలుపులు, 6 ఓటములు, 1.77 సగటు, ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు, లాస్ ఏంజెలెస్‌లో ఒక నో-హిట్టర్, అంటే ఒక్క హిట్టూ ఇవ్వని ఆట. స్ట్రోప్ ఏళ్ల తరబడి కబ్స్ ఆటల చివరి ఇన్నింగ్స్ కాపలా కాశాడు. చరిత్రలో ఇంత లాభసాటి మారకాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చని నా నమ్మకం.

అన్నీ ఇలా పండలేదు. అదే జులైలో మ్యాట్ గార్జాని టెక్సస్‌కి ఇచ్చినప్పుడు అందరి కళ్లూ మైక్ ఓల్ట్ మీదే. ఓల్ట్ నిలవలేదు, 2014లో అతని బ్యాటింగ్ సగటు .160. విలనువేవా కూడా కబ్స్ చొక్కాలో మేజర్ లీగ్ మెట్టు ఎక్కలేదు. రెండుసార్లూ అసలు అనుకున్నది పోయింది. రెండుసార్లూ కొసరు నిలిచింది. గార్జా బేరంలో వచ్చిన ఆ కొసరు కార్ల్ ఎడ్వర్డ్స్. డ్రాఫ్ట్ 48వ రౌండులో దొరికిన సన్నటి కుర్రాడు. పేర్లు పిలిచేవాళ్లకే గొంతు పోయే వేళ అది. ఏ ఒక్క విత్తనం మొలుస్తుందో ఎవరికీ తెలియదు గనక, ప్రతి బేరంలోనూ ఇంకొకటి, మరొకటి అడగాలి. ఎప్‌స్టీన్ బృందం దీన్ని మొహమాటం లేకుండా చేసింది.

2014 జులైలో జెఫ్ సమార్జా, జేసన్ హామెల్‌లను ఓక్లండ్‌కి ఇచ్చి ఆడిసన్ రసెల్, బిల్లీ మెకిన్నీ, డాన్ స్ట్రెయిలీలను తెచ్చారు. ఆ చలికాలమే హామెల్‌ని తిరిగి కొనుక్కున్నారు. ఆవును అమ్మి దూడను తెచ్చుకుని, అయిదు నెలల తర్వాత ఆవునూ తోలుకొచ్చినట్టు. ఓక్లండ్ ఆ సెప్టెంబరు 30న ఒకే ఒక్క ఆటలో, కాన్సస్ సిటీ చేతిలో 12 ఇన్నింగ్స్ పోరాడి 9-8తో ఓడి ఇంటికి వెళ్లింది. ఆ మారకంలో కొసరుగా వచ్చిన మెకిన్నీ కబ్స్‌కి ఆడనే లేదు. కానీ 2016 జులైలో న్యూయార్క్ యాంకీస్ నుంచి అరోల్డిస్ చాప్‌మన్‌ని తెచ్చుకోవడానికి చెల్లించిన నలుగురిలో అతనొకడు. కొసరే తిరిగి నాణెమైంది.

ఆ మారకం దగ్గర మనసు కలుక్కుమంటుంది. చాప్‌మన్ ఆ సీజన్ మొదట్లో గృహహింస నిబంధన కింద 30 ఆటల నిషేధం అనుభవించి వచ్చినవాడు. రసెల్ మీద 2018లో అదే నిబంధన కింద 40 ఆటల నిషేధం పడింది. అంతకాలం కప్పు కోసం ఎదురుచూసి, అలాంటివాణ్ని చూసి చప్పట్లు కొట్టలేక ఊరుకున్న అభిమానులు ఉన్నారు. పనితనాన్ని మెచ్చుకుంటూ కూర్చుని ఈ మాట దాటేస్తే నా మెప్పుకు విలువ ఉండదు. చాప్‌మన్ కోసం ఇచ్చినవాళ్లలో గ్లేబర్ టోరెస్ ఉన్నాడు. రెండేళ్లలో అతను ఆల్-స్టార్ అయ్యాడు. ఇప్పుడు పంట కొన్నది కబ్స్, విత్తనం ఇచ్చింది కూడా వాళ్లే. నాలుగేళ్ల క్రితం టెక్సస్ కూర్చున్న కుర్చీలో కూర్చున్నారు.

2016 అక్టోబరు 22న రిగ్లీ ఫీల్డ్‌లో నేషనల్ లీగ్ టైటిల్ ఆట. అవతల క్లేటన్ కెర్షా, ఆ తరం పిచర్లలో శిఖరం. ఇవతల 88 మైళ్ల హెండ్రిక్స్. ఏడుంపావు ఇన్నింగ్స్ దాటి రెండే హిట్లు ఇచ్చాడు, పరుగు ఇవ్వలేదు. కబ్స్ 5-0. ఆ ఏడాది నేషనల్ లీగ్‌లో అతి తక్కువ సగటు, 2.13, అతనిదే. పది రోజులకు క్లీవ్‌లండ్‌లో వరల్డ్ సిరీస్ ఆరో ఆట. విసిరింది అరియెటా, గ్రాండ్ స్లామ్ కొట్టింది రసెల్. మర్నాడు, నవంబరు 2న, ఏడో ఆటలో కబ్స్ తరఫున మొదటి బంతి హెండ్రిక్స్‌ది. అయిదో ఇన్నింగ్స్‌లో 5-1 ఆధిక్యంతో ఉండగానే అతన్ని దించేశారు. ఎందుకు దించారని షికాగోలో ఈనాటికీ తగువు తెగలేదు, నేనూ దించకూడదనే పక్షమే. చాప్‌మన్ ఆధిక్యం పోగొట్టాడు, వాన పడింది, ఆట పదో ఇన్నింగ్స్‌కి వెళ్లింది. మళ్లీ ఆధిక్యం వచ్చాక ఆ ఇన్నింగ్స్ రెండో సగం మొదలుపెట్టింది ఎవరు? కార్ల్ ఎడ్వర్డ్స్. గార్జా బేరంలో కొసరు. ఇద్దరిని అవుట్ చేశాడు. మూడో అవుట్‌కి వచ్చిన మైక్ మాంట్‌గోమరీ ఆ జులైలోనే సియాటిల్ నుంచి మారకంలో వచ్చినవాడు. నేల మీద దొర్లిన ఆ చివరి బంతిని క్రిస్ బ్రయంట్ అందుకుని విసిరింది ఆంథొనీ రిజోకి. రిజో కూడా 2012 జనవరిలో ఆండ్రూ క్యాష్‌నర్‌ని ఇచ్చి తెచ్చుకున్నవాడే. 8-7. 108 ఏళ్లు.

2021 జులై చివర్లో, ఎప్‌స్టీన్ వెళ్లిపోయాక, హోయర్ ఒక్కడే ఆ బేరాల బల్ల ముందు కూర్చుని, రెండు రోజుల్లో రిజోనీ బ్రయంట్‌నీ హావియర్ బయెజ్‌నీ పంపేశాడు. 2012లో డెంప్‌స్టర్ కోసం బాధపడినవాళ్లు ఈసారి ఏడ్చారు. వాళ్ల పిల్లల గదుల గోడల మీద ఉన్నవి ఈ ముగ్గురి బొమ్మలే. బయెజ్‌తో పాటు ట్రెవర్ విలియమ్స్ అనే పిచర్‌ని ఇచ్చి, న్యూయార్క్ మెట్స్ నుంచి తీసుకున్నది ఒక్కణ్ని, పీట్ క్రో-ఆర్మ్‌స్ట్రాంగ్‌ని. అప్పటికి అతను మైనర్ లీగ్‌లో ఆడింది ఆరు ఆటలు, భుజానికి శస్త్రచికిత్స అయి ఉన్నాడు. ఈసారి కొసరు ఇచ్చింది కబ్స్. 2025లో క్రో-ఆర్మ్‌స్ట్రాంగ్ ఆల్-స్టార్ అయ్యాడు, 30 హోమ్ రన్లు దాటాడు.

ఆ ముగ్గురూ వెళ్లినప్పుడు హెండ్రిక్స్ వెళ్లలేదు. ఒక్కొక్కరూ తగ్గుతూ వచ్చి, 2016 కప్పు జట్టులో కబ్స్ చొక్కాతో చివరికి మిగిలింది అతనొక్కడే. 2024 సెప్టెంబరు 28న రిగ్లీలో ఆ చొక్కాతో ఆఖరి ఆట ఆడాడు. ఆ ఏడాది అతనికి అసలు కలిసి రాలేదు. బంతి వేగం ఇంకా తగ్గింది. ఆ రోజు మాత్రం సిన్సినాటి మీద ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా ఒక్క పరుగు ఇవ్వకుండా విసిరాడు. దించడానికి మేనేజర్ నడిచొస్తుంటే స్టేడియం మొత్తం లేచి నిలబడింది. పన్నెండేళ్ల క్రితం సంచిలో రెండో పేరుగా పడినవాడు, టోపీ తీసి నాలుగు వైపులా చూపించి, మెట్లు దిగి డగౌట్‌లోకి వెళ్లాడు.