వాగ్గేయకారలక్షణము: పొలములోఁ బుట్టిన యొక పాట

మాతువును ధాతువును, అనఁగా సాహిత్యమును సంగీతమును, తానే కూర్చువాఁడు వాగ్గేయకారుఁడని మన శాస్త్రము. పదుమూఁడవ శతాబ్దిలో శార్ఙ్గదేవుఁడు సంగీతరత్నాకరమునందలి ప్రకీర్ణకాధ్యాయమున నీతని గుణములను వివరముగాఁ బేర్కొనెను. వానిలో శబ్దజ్ఞానము, ఛందస్సు, అలంకారములు, రసభావములు, లయతాళములు అనువానిని గూర్చి మన విమర్శకులు విరివిగాఁ జెప్పియున్నారు. ఆ పట్టికలోనే పరచిత్తపరిజ్ఞానము, ద్రుతగీతవినిర్మాణము, అవధానము అను మూఁడు గుణములును గలవు. ఎదుటివారి మనస్సు నెఱుఁగుట, వేగముగా గీతమును నిర్మించుట, ఏకాగ్రత చెదరకుండుట యని వీని యర్థము. వీనిని పేర్కొని విడుచుటయే గాని, వీనిచేఁ బాటను పరీక్షించుట యరుదు. ఏలయన నీ మూఁడును గ్రంథమునఁ గానరావు. పాడెడు చోటనే కానవచ్చును.

మన ప్రాచీనుల విషయమునఁ బాట పుట్టిన క్షణము మనకు దక్కలేదు. తాళ్ళపాకవారి రాగిరేకులలోఁ బాటయు రాగనామమును గలవు, స్వరములు లేవు. త్యాగరాజస్వామి (1767–1847) తిరువయ్యారు వీధులలో నుంఛవృత్తికై పాడుచు నడచెను. ఆ వీధిలో వినినవారి ముఖములను జూచి యాయన యే పాట నెట్లు మార్చెనో చెప్పఁగల యాధారము లేదు. కావున నీ గుణములకు నిదర్శనము కావలెనన్నచో, పుట్టుచుండఁగనే శబ్దరూపములు గ్రహింపఁబడిన పాటను వెదకవలెను. అట్టిది యొకటి 1969వ సంవత్సరమున నమెరికాదేశములో నొక రైతు పొలమున లభించినది.

న్యూయార్కు రాష్ట్రమున బెథెల్ అను నూరు కలదు. అచట మాక్స్ యాస్గర్ అను రైతు పాడియావులను బెంచుచు వ్యవసాయము సేయుచుండెను. ఉడ్‌స్టాక్ అను పేర జరిగిన సంగీతోత్సవమునకు మొదట నెన్నుకొనఁబడిన వాల్‌కిల్ ఊరివా రనుమతి నిరాకరింపఁగా, యాస్గర్ తన పొలమును కిరాయి కిచ్చెను. నేల గిన్నెవలె వాలియుండుటచే నా పొలము సహజమైన ప్రేక్షకస్థానమయ్యెను. ఆగస్టు 15వ తేది శుక్రవారమున నారంభమైన యుత్సవమునకు నాలుగులక్షలమంది వఱకుఁ జేరిరని సాధారణముగాఁ జెప్పుదురు. కంచె పూర్తిగాకపోవుటచే టిక్కెట్ల మాట విడువఁబడినది. మొదటి దినము ముఖ్యముగాఁ దామే పాటలు కట్టి గిటారుపైఁ బాడువారిది. పాశ్చాత్యులు వీరిని సింగర్-సాంగ్‌రైటర్ లందురు. మన పరిభాషలో వాగ్గేయకారులు.

ఆ దినము మొదటఁ బాడినవాఁడు రిచీ హేవెన్స్ (1941–2013). మొదటివాఁడుగా నతఁడు నిర్ణయింపఁబడలేదు. త్రోవలు బండ్లతో నిండి తక్కినవారు చేరలేకపోఁగా నతనిని ముందుగా వేదిక నెక్కించిరి. ముగించినకొలఁది మరలఁ బాడుమనిరి. తుదకుఁ దనకు వచ్చిన పాటలు తీఱిపోయెను. అప్పు డతఁడు గిటారు మీటుచు, ఏమి పాడుదునా యని వెదకుచు, 'ఫ్రీడమ్', అనఁగా స్వేచ్ఛ, యను నొక్క పదమును బట్టుకొని, దానికి 'మదర్‌లెస్ చైల్డ్' అను పాతపాటను జేర్చెను. ఆ పాతపాట బానిసత్వకాలమునుండి నల్లజాతివారి నోట వచ్చుచున్న భక్తిగీతము. తల్లిలేని బిడ్డవలె నింటికి దూరమైనవాని దుఃఖము దాని వస్తువు. 1970లో వెలువడిన చలనచిత్రమున నీ పాట రూపొందుట నేఁడును జూడవచ్చును.

దీనిపై మన పండితులు రెం డాక్షేపములు సేయవచ్చును. ఇతరుల ధాతువునకు మాతువు కట్టువానిని శాస్త్రము కుట్టికారుఁడని వేఱుపఱచినది. హేవెన్స్ ఇతరుల పాటలను బాడుటలోఁ బేరొందినవాఁడు. కావున నితఁడు కుట్టికారుఁడే యనుట మొదటిది. ఒక్క పదమును బలుమాఱు పలుకుట సాహిత్యము కానేరదనుట రెండవది.

కుట్టికారుఁడు పాతమాతువును దీసివేసి దాని స్థానమునఁ గ్రొత్తదానిని నిలుపును. ఇచటఁ బాతమాతువు నిలిచియే యున్నది. దాని ముందు క్రొత్త పల్లవి వచ్చినది. పల్లవి మాఱఁగానే చరణముల యర్థము మాఱినది. ఒంటిగా వినినచో నా పాతపాట విలాపము. స్వేచ్ఛ యను పల్లవి పిదప వినినచో నదియే హక్కును గోరు వాక్యమగును. బిడ్డను దల్లికి దూరము చేసినది విధి కాదు, మనుష్యులే యను ధ్వని స్ఫురించును. శోకము నుత్సాహముగాఁ బరిణమింపఁజేసిన యీ కూర్పును గుట్టుపని యనుట తగదు.

ఇఁక నొక్క పదము మాట. వినువా రెవరో యాలోచింపవలెను. వియత్నాము యుద్ధము సాగుచున్న యేఁడది; వినువారిలో ననేకులు సేనలో బలవంతముగాఁ జేర్పఁబడుదుమో యను భయముగల యువకులు. పాడువాఁడు నల్లజాతివాఁడు, ఆ జాతి హక్కులకై పోరిన మార్టిన్ లూథర్ కింగ్ వధింపఁబడి యప్పటి కేఁడాదికిఁ గొంచెము పైగా నైనది. స్వేచ్ఛ యను పదమునకు వినువారి కొక యర్థము, పాడువాని కొక యర్థము, రెండును సత్యములే. మన యాలంకారికులు రెండర్థముల నిచ్చు పదమును శ్లేష యందురు. ఇచటి శ్లేష కోశమునుండి రాలేదు. వేదికకును బొలమునకును నడుమఁ బుట్టినది. అదియుఁగాక నంతటి జనసమూహమునకు దీర్ఘసమాసము చెవిఁ బడదు. ఒక్క పదము చివరివాని వఱకుఁ బోవును. దీనినే పరచిత్తపరిజ్ఞానమందుము. నడుమఁ జేర్చిన మఱియొక భజనభాగ మంత పొందికగా లేదనుట నిజమే. ద్రుతనిర్మాణమున నట్టి యతుకులు తప్పవు. అవధానమున నొక పూరణము పలుచనైనంతమాత్రమున నవధాని నెవ్వరును దిగవిడువరు.

అట్లని పొలము ప్రతికళకును దగునని చెప్పరాదు. ఆ రాత్రియే వర్షములో రవిశంకర్ అల్లారఖా తబలాతోఁ గూడి సితారు వాయించెను. బురదలోని యా జనులను జూచి మనదేశపు గేదెలు జ్ఞప్తికి వచ్చెనని పిదప నాయన చెప్పెను. ఆయన యసంతృప్తి యుక్తమే. ఆలాపనలోని సూక్ష్మగమకము దగ్గఱి చెవిని గోరును; అది లోపించినపు డెంతటి నేర్పఱియు నిస్సహాయుఁడు.

ప్రతిపాటకును బొలమే కావలెననుటయుఁ జెల్లదు. మెలనీ యను గాయని యా రాత్రి వానలోఁ బాడి, జనులు వెలిగించిన క్రొవ్వొత్తులను జూచి, తరువాత నొక పాటను రచించెను. అది 1970లో వెలువడినది. జోనీ మిచెల్ అసలు పొలమునకే పోలేదు. టెలివిజన్ కార్యక్రమమునకు సమయమునకు రాలేకపోవుదునను శంకచే న్యూయార్కు నగరమున నుండిపోయి, వార్తలను జూచి 'ఉడ్‌స్టాక్' అను పాటను గట్టెను. త్రోవలో నొక బాటసారి కలిసి యాస్గర్ పొలమునకుఁ బోవుచున్నానని చెప్పుటతో నది మొదలగును. ఆదిమానవులు విడిచిన తోఁటకు మరలవలెనను కోరికగాఁ బరిణమించును. రైతు పొలము పురాణస్థలమైనది. మాతువు చక్కఁదనమున నిది హేవెన్స్ పాటను మించినదని నా యభిప్రాయము. కాని యిది దూరమునుండి తలఁచి తీర్చినది. అది యెదుట నిలిచి యెత్తుకొన్నది. ఒకదాని కొలతతో మఱియొకదానిని గొలిచినచో రెండింటికి నన్యాయము జరుగును.

మన పాఠశాలలలో నీ యన్యాయము నిత్యము జరుగుచున్నది. జానపదుని పాట నచ్చున వేసి, పల్లవి పునరుక్తులను దోషములుగా గుర్తించి, మాతువు సామాన్యమని తీర్పు చెప్పుచున్నాము. పునరుక్తి యెన్నిమాఱులు, ఎవరి యెదుట, ఏ సందర్భమున వచ్చినదో యడుగుట లేదు. శార్ఙ్గదేవుఁడు పరచిత్తపరిజ్ఞానమును లక్షణములలోఁ జేర్చుటచే నీ ప్రశ్న శాస్త్రబాహ్యము కాదని తేలుచున్నది. కావున గేయసంకలనములను సిద్ధముచేయువారు పాటతోఁబాటు పాడిన చోటును, సందర్భమును, పల్లవి తిరిగిన తీరును, వినినవారు గొంతు గలిపిన తావులను వ్రాసియుంచవలెను. శబ్దగ్రహణయంత్రము లింటింట నున్న యీ దినములలో నిది కష్టము కాదు. అట్లు చేయనిచోఁ బాటలో సగమే నిలుచును. ఆ సగమును జూచి కవిని గొలుచువారు పొరపడుదురు.