ఫ్రేజా, క్లాజా? రెన్ అండ్ మార్టిన్ నిర్వచనంపై ఒక పరిశీలన

ఇంగ్లీషు వ్యాకరణం అనగానే మీలో చాలామందికి గుర్తొచ్చేది రెన్ అండ్ మార్టిన్ పుస్తకమే. 1930లలో వెలువడిన ఈ గ్రంథాన్ని తరువాత ఎన్.డి.వి. ప్రసాదరావు సవరించారు. అభ్యాసాల విషయంలో దానికి వంక పెట్టలేం. చిక్కంతా నిర్వచనంలోనే ఉంది.

అర్థం ఉండి కూడా పూర్తి అర్థం ఇవ్వని పదసముదాయం ఫ్రేజ్ అని అది చెబుతుంది. మరి ‘వెన్ ద బస్ కేమ్’ పూర్తి అర్థం ఇస్తోందా? లేదు, ఆపైన ఏం జరిగిందో తెలియాలి. అయినా అది క్లాజే. క్లాజ్‌లో కర్త, ఆఖ్యాతం ఉంటాయని ఆ పుస్తకమే చెబుతుంది. కాని విద్యార్థికి గుర్తుండేది ‘పూర్తి అర్థం’ అన్న మాటే.

తెలుగువారిని ఇది మరింత తికమక పెడుతుంది. ‘బస్సు వచ్చినప్పుడు’ అనే మన మాటలో సమాపక క్రియ లేదు. ‘వెన్’ తీసేసి చూడండి: ‘ద బస్ కేమ్’ వాక్యంగా నిలుస్తుంది. ‘అప్పుడు’ తీసేస్తే మిగిలే ‘బస్సు వచ్చిన’ నిలవదు. కాబట్టి తెలుగులోకి మార్చుకొని తేల్చకండి. ఇంగ్లీషు క్రియనే వెతకండి.

‘వాట్ హి సెడ్ ఈజ్ ట్రూ’ గమనించండి. మనకు ‘అతను చెప్పింది’ ఒక నామంలా వినిపిస్తుంది. ఇంగ్లీషులో ‘సెడ్’ సమాపక క్రియ, కనుక అది క్లాజ్. మొత్తం స్థానంలో ‘ఇట్’ పెట్టవచ్చు, కనుక నౌన్ క్లాజ్. ‘హిస్ స్టోరీ ఈజ్ ట్రూ’లో ‘హిస్ స్టోరీ’ స్థానంలోనూ ‘ఇట్’ ఇముడుతుంది, కాని అందులో క్రియ లేదు. అది నౌన్ ఫ్రేజ్.

‘టు గో’ వంటి అసమాపక రూపాలను క్వర్క్ బృందం 1985 నాటి బృహద్వ్యాకరణంలో క్లాజులుగానే లెక్కించింది. నాకు ఆ పద్ధతే సబబనిపిస్తుంది. మీరు బడిలో చదివిన వ్యాకరణం మాత్రం వాటిని ఫ్రేజులంటుంది.