చార్జి: ఒక్క వాక్యపు పనితనం

పోలీసులు ఒకరి మీద చార్జిషీటు వేశారని పేపర్లో చదవగానే ఆ మనిషి మీద కోర్టు అభియోగం మోపేసిందనుకుంటాం. మోపలేదు. చార్జిషీటు అనేది దర్యాప్తు ముగించి పోలీసులు కోర్టుకిచ్చే నివేదిక. దాన్నీ, దాంతోపాటు వచ్చిన కాగితాలనూ చూసి, రెండు పక్షాల వాదనా విని, విచారణకు తగినంత ఆధారం ఉందనిపిస్తే జడ్జి రాసేది చార్జి. లేదనిపిస్తే నిందితుణ్ణి డిశ్చార్జి చేస్తారు. చార్జిషీటు వందల పేజీలు ఉండొచ్చు. చార్జి చాలాసార్లు ఒక్క పేజీలో ముగుస్తుంది. మన క్రిమినల్ కోర్టు కాగితాల్లో ఇంత ఆలోచించి, ఇంత పొదుపుగా రాసేది ఇంకొకటి లేదని నా నమ్మకం.

2024 దాకా అమల్లో ఉన్న 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌ రెండో షెడ్యూల్లో చార్జి ఎలా రాయాలో చూపే 32వ నమూనా ఉంది. అందులో జడ్జి తన పేరు, హోదా చెప్పి, నిందితుణ్ణి పేరు పెట్టి పిలిచి, నేరుగా అతనితోనే మాట్లాడతారు. తెలుగులో చెప్పుకుంటే వరస ఇలా ఉంటుంది: ఫలానా తేదీన గానీ ఆ దగ్గర్లో గానీ, ఫలానా చోట, మీరు ఫలానా వ్యక్తిని హత్య చేశారు, తద్వారా ఫలానా సెక్షన్ కింద శిక్షార్హమైన నేరం చేశారు, దానిపై మిమ్మల్ని ఈ కోర్టు విచారించాలని ఆదేశిస్తున్నాను. ఈ రాతంతా నిందితుడికి చెబుతున్నట్టే సాగుతుంది. చట్టాన్ని ఎవరికోసం రాశారో ఈ ‘మీరు’ దగ్గర స్పష్టంగా తెలుస్తుంది. సెషన్స్ కోర్టులో దీన్ని చదివి, నిందితుడికి అర్థమయ్యేలా వివరించి, నేరం ఒప్పుకుంటారా, విచారణ కోరతారా అని అడుగుతారు. అడిగిన దానికి జవాబు చెప్పగలగాలంటే అడిగింది ఏమిటో తెలియాలి కదా. చార్జిలో ప్రతి ముక్కా ఆ అవసరం కోసమే ఉంది.

ఏం రాయాలన్నదాని కంటే ఏం వదిలేయొచ్చన్నది ఇంకా నేర్పుగా తేల్చారు. చట్టం ఒక నేరానికి పేరు పెట్టి ఉంటే ఆ పేరు చాలు, నిర్వచనం ఎత్తిరాయనక్కర్లేదు. హత్య అని రాశారంటే ఆ నేరానికి కావలసిన లక్షణాలన్నీ ఉన్నాయనీ, మినహాయింపులేవీ వర్తించవనీ చెప్పినట్టే. ఎలా చేశాడన్నది కూడా అన్నిచోట్లా అక్కర్లేదు. ఫలానా వస్తువును ఫలానా రోజు, ఫలానా చోట దొంగిలించాడంటే సరిపోతుంది. గోడ దూకాడా, తలుపు తీసుకుని వెళ్లాడా అని రాయనక్కర్లేదు. మోసం కేసులో మాత్రం ఎలా మోసం చేశాడో రాసి తీరాలి. అబద్ధపు సాక్ష్యం కేసులోనూ అంతే: చెప్పినదాంట్లో ఏ భాగం అబద్ధమో చూపించాలి. నాకు ఈ తేడా చాలా నచ్చుతుంది. ఆ రోజు నేను ఆ ఊళ్లోనే లేనని దొంగతనం కేసులో చెప్పుకోవచ్చు. ఏ మాట చెప్పి మోసం చేశానంటున్నారో తెలియకపోతే, ఆ మాట నిజమేనని నిరూపించుకునేదెలా?

పొరపాటు పడితే ఏమవుతుందన్నదీ ముందే ఆలోచించారు. పాత ఇంగ్లండులో చార్జిలో ఒక్క పేరు కుదరకపోయినా కేసు కూలిపోయేది. 1840లో లార్డ్ కార్డిగన్ ద్వంద్వయుద్ధంలో కెప్టెన్ టకెట్‌ను తుపాకీతో కాల్చి గాయపరిచాడు. 1841లో ప్రభువుల సభ అతన్ని విచారించింది. గాయపడ్డది హార్వే గార్నెట్ ఫిప్స్ టకెట్ అని అభియోగంలో రాశారు. ఆ నిండు పేరు గల మనిషీ, ద్వంద్వయుద్ధంలో గాయపడ్డ మనిషీ ఒక్కడేనని ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయింది. ప్రభువు నిర్దోషిగా బయటికొచ్చాడు.

మన కోడ్ దీనికి చెప్పిన జవాబు ఒక ఉదాహరణలో ఉంది. ఖోదా బక్ష్‌ను 1882 జనవరి 21న చంపావని చార్జి. నిజానికి చనిపోయింది హైదర్ బక్ష్, తేదీ 20. నిందితుడి మీద ఉన్నది ఒక్క హత్య కేసే, కింది కోర్టులో అతను విన్నదంతా హైదర్ బక్ష్ గురించే. కాబట్టి అతను తప్పుదారి పట్టలేదు, చార్జి చెల్లుతుంది. వెంటనే ఇంకో ఉదాహరణ: రెండు హత్యలూ అతని మీదే ఉన్నాయి, చార్జి హైదర్ బక్ష్‌ది, విచారణ ఖోదా బక్ష్‌ది, పిలిపించుకున్న సాక్షులు హైదర్ బక్ష్ కేసుకు చెందినవాళ్లు. ఇక్కడ అతను మోసపోయాడు, తప్పు తప్పే. అవే పేర్లు, అవే తేదీలు, ఫలితం మాత్రం తలకిందులు. కొలత కాగితం మీద లేదు, నిందితుడికి ఏం అర్థమైందన్నదాంట్లో ఉంది. 1955లో విలియం స్లేనీ కేసులో జస్టిస్ వివియన్ బోస్ ఉన్న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం పట్టుకున్నదీ ఈ సూత్రాన్నే: చార్జిలో లోపం ఉందా అన్నది కాదు, ఆ లోపం వల్ల నిందితుడికి నిజంగా నష్టం జరిగిందా అన్నది చూడాలి.

2024 జూలై 1 నుంచి ఆ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. చార్జి అధ్యాయం 234వ సెక్షన్ దగ్గర మొదలవుతుంది. ఏడాది లోపు చేసిన ఒకే తరహా నేరాలు మూడింటి దాకా కలిపి విచారించే వీలును ఐదుకు పెంచారు. సెషన్స్ కేసుల్లో, చార్జిపై మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లోపు దాన్ని రాయాలన్నారు. మిగతా కట్టడం దాదాపు అలాగే ఉంచారు, ఉంచాల్సిందే.

తీర్పు చెప్పేలోపు ఎప్పుడైనా కోర్టు చార్జిని మార్చవచ్చు, చేర్చవచ్చు. కానీ మార్చిన ప్రతిసారీ నిందితుడికి మళ్లీ చదివి వివరించాలి. వెంటనే ముందుకెళితే అతని వాదనకు దెబ్బ తగులుతుందనుకుంటే విచారణ వాయిదా వేయవచ్చు, మొదటి నుంచి మళ్లీ జరపనూ వచ్చు. అప్పటికే సాక్ష్యం చెప్పి వెళ్లినవాళ్లను, మారిన ఆరోపణ మేరకు, మళ్లీ పిలిపించి ప్రశ్నించే వీలు ఇరుపక్షాలకూ ఉంటుంది.