చుక్క పడిన చోట చిల్లు ఉండదు

గుడిమల్కాపూర్ పూల మార్కెట్ ముందు తెల్లవారకముందే ఆటోలు, ట్రాలీలు బారులు తీరతాయి. చేవెళ్ల వైపు నుంచి వచ్చిన బంతి, చామంతి మూటలు దిగుతూ ఉంటాయి. ముసురు పట్టిన రోజు అక్కడ కాసేపు నిలబడితే ఒక సంగతి కళ్లబడుతుంది. మూట ఎక్కించే ముందు ఆటో డ్రైవరు హుడ్డు లోపలివైపు అరచేత్తో తడిమి చూసుకుంటాడు. దారిలో నీళ్లు కారి మూట నానిందంటే, దుకాణం చేరేలోగా చామంతి రెక్కలు నల్లబడతాయి. అరచేత్తో తడిమే ఆ అలవాటు వెనక పెద్ద విద్యే ఉంది.

మడిచే పైకప్పు అనగానే చాలామందికి సినిమాల్లో కనిపించే కన్వర్టిబుల్ కార్లు గుర్తొస్తాయి. పాత జీపులు, 1985లో వచ్చిన మారుతి జిప్సీ, ఆ తర్వాతి మహీంద్రా థార్, రోజూ మనం ఎక్కే ఆటో కూడా ఆ కోవలోవే. ఇనుప చట్రం, దానిమీద లాగి బిగించిన బట్ట, అంచుల్లో రబ్బరు. వీటికంటే ముందు మన పల్లెల్లో గూడుబండి ఉండేది. వెదురు బద్దలు విల్లులా వంచి, పైన చాప కప్పేవారు. వంపు సరిగా కుదిరితే నీళ్లు నిలవకుండా రెండు పక్కలా జారిపోయేవి. హుడ్డు కుట్టేవాళ్లు ఇప్పటికీ మొదట చూసేది ఆ వంపునే. బట్ట సాగి ఎక్కడైనా గుంట పడితే అక్కడ నీళ్లు నిలుస్తాయి. నిలిచిన నీళ్లు కుట్టులోంచి దారి చేసుకుంటాయి.

కుట్టు దగ్గరే అసలు కథ ఉంది. సూది దిగిన ప్రతిచోటా బట్టకు ఒక చిల్లు పడినట్టే. ఒక్క హుడ్డుకు వేల చిల్లులు. అయినా మంచి కుట్టు కారదు. ఎందుకు కారదో అర్థం కావాలంటే తెలంగాణ కురుమల గొంగడిని చూడాలి. దక్కనీ గొర్రె ఉన్నితో నేసే ఆ గొంగడి పడుగు దారాలకు చింతగింజల గంజి పట్టిస్తారు. వాన పడితే ఉన్ని తడిని పీల్చుకుని ఉబ్బుతుంది, నేతలో సందులు బిగుసుకుంటాయి. పశువుల కాపరి పొద్దంతా వానలో నిలబడినా ఒంటికి తడి సులువుగా చేరదు. నూలు దారానిదీ అదే గుణం. తడవగానే ఉబ్బి, తన చిల్లును తానే మూసుకుంటుంది. కానీ ఎండకూ తడికీ నూలు కొన్నాళ్లకే చీకిపోతుంది. పాలిస్టర్ దారం ఎండకు బాగా ఓర్చుకుంటుంది గాని ఉబ్బదు. అందుకే దారానికి తేనెమైనం రుద్ది కుట్టడమో, కుట్టాక దాని మీద సీలెంట్ పూయడమో చేస్తారు. ఈ చిన్న పని ఎగ్గొట్టిన హుడ్డు మొదటి వానకే దొరికిపోతుంది.

బట్టలోనూ తేడాలున్నాయి. మనం రెక్జిన్ అనే మాట నిజానికి ఇంగ్లండులో ఒక కంపెనీ పెట్టుకున్న వ్యాపారనామం. ఇప్పుడు దుకాణాల్లో ఆ పేరుతో దొరికేది ఎక్కువగా పీవీసీ పూత వేసిన బట్ట. ఖరీదైన కన్వర్టిబుళ్ల బట్ట మూడు పొరలుగా ఉంటుంది. పైన గట్టి నేత, నడుమ రబ్బరు, లోపల అస్తరు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. హైదరాబాదు ఎండలో రోజంతా నిలబెట్టిన బండి పైకప్పు గతి కూడా అంతే. పీవీసీ మెత్తదనం ఆవిరై మడతల దగ్గర నెరియలు వారుతుంది, అంచుల్లోని బీడింగ్ రబ్బరు గట్టిపడి అణిగిపోతుంది. తీరా మృగశిర తొలకరికి ఆ సంగతి బయటపడుతుంది. కాబట్టి హుడ్డు చూసుకోవాల్సింది రోహిణి ముగుస్తుండగా, మృగశిర రాకముందే.

మా ఇంట్లో ఒక పాత జీపు ఉండేది. ఎడమవైపు కూర్చున్నవారి కాళ్ల దగ్గర ఎప్పుడూ నీళ్లు నిలిచేవి. ముందు అద్దం కింది రబ్బరు పోయిందనుకుని, దాని చుట్టూ ట్యూబు నిండా సిలికాన్ పట్టించాం. మళ్లీ వాన, మళ్లీ అక్కడే నీళ్లు. ఆఖరికి తేలిందేమిటంటే, క్యాన్వాసు అద్దం ఫ్రేమును కలిసే పైమూలలో వేలు పట్టేంత సందు ఉంది. అక్కడ దూరిన నీరు ఫ్రేము వెంట చప్పుడు లేకుండా దిగి, మూడడుగుల కింద బొట్టుగా రాలుతోంది. మేం పూసిన సిలికాన్ వల్ల ఆ నీరు బయటికి పోయే దారి కూడా మూసుకుపోయి, నేల రేకు తుప్పు పట్టింది. చుక్క పడిన చోటును నమ్మకూడదని నాకు తెలిసింది ఆ తుప్పు చూశాకే.

వెతకడానికి ఒక వరస ఉంది. ముందు మ్యాట్లు, కార్పెట్ తీసి బండిని పూర్తిగా ఆరబెట్టాలి. కార్పెట్ కింది ఫోము నీటిని రోజుల తరబడి దాచుకుంటుంది. అది తడిగా ఉండగా వెతికితే పాత నీరేదో కొత్త నీరేదో తెలియదు. ఆరాక నేల మీద పాత వార్తాపత్రికలు పరచాలి. ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి, ఇంకొకరు బయట నీళ్లు పట్టాలి. పైపుతో జోరుగా కొట్టకూడదు, వాన అలా కొట్టదు. సన్నని ధార చాలు. కింది నుంచి మొదలుపెట్టాలి. తలుపు అడుగు, అద్దం అంచు, పక్క కుట్టు, ఆఖరున పైమూలలు. ఒక్కోచోట కనీసం అయిదు నిమిషాలు ఆగాలి. పైనుంచి మొదలుపెడితే జారే నీళ్లు అన్ని చోట్లనూ తడిపేస్తాయి, ఏ సందులోంచి దూరిందో చెప్పలేం. ఈ పనిలో తొందరపడేవాళ్లే ఎక్కువ, నెలల తరబడి తడి కార్పెట్ మీద కాళ్లు పెట్టుకునేదీ వాళ్లే.

నీళ్లు లేకుండా చూసే పద్ధతులూ ఉన్నాయి. బీడింగ్ మీద సుద్దపొడి రుద్ది, హుడ్డు మూసి తెరిస్తే, రబ్బరు ఆనిన చోటల్లా ఎదుటి అంచున తెల్లగీత పడుతుంది. గీత తెగిన చోట సందు ఉన్నట్టు. కాగితం ముక్క పెట్టి తలుపు వేసి లాగితే, బిగువు లేని చోట అది తేలిగ్గా ఊడి వస్తుంది. చీకటి పడ్డాక లోపల దీపం పెట్టి బయట తిరిగి చూస్తే సూదిమొన అంత వెలుగు కూడా కనిపిస్తుంది.

దొరికాక బాగు చెయ్యడం చాలావరకు తేలికే. రబ్బరును సబ్బునీళ్లతో కడిగి, ఆరాక సిలికాన్ గ్రీజు సన్నగా రాస్తే ఎన్నోసార్లు అదే సరిపోతుంది. పెట్రోలు, ఇంజిన్ ఆయిలు రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. కొక్కెం వదులైతే బిగించాలి, తలుపు అద్దం వాలిపోతే సర్దాలి. అణిగిన బీడింగ్ కింద పల్చని ఫోము పట్టీ అతికించవచ్చు. చిరుగుకు అదే రకం బట్ట ముక్కను లోపలివైపు నుంచి వెయ్యాలి. ముక్క మూలలు గుండ్రంగా కత్తిరించాలి. పదును మూలలే ముందు లేస్తాయి.

ఎంత చేసినా కొన్ని బండ్లు కారుతూనే ఉంటాయి. అప్పుడు చూడాల్సింది నీళ్లు బయటికి పోయే దారి. చెరువు కట్టినవాడు తూము, అలుగు పెట్టకుండా కట్టడు. కన్వర్టిబుల్ గీసిన ఇంజినీర్లూ అంతే. కొంత నీరు లోపలికి వస్తుందని ముందే ఒప్పుకుని దానికి కాలవ తవ్వారు. 1989లో వచ్చిన మాజ్దా ఎంఎక్స్-5లో హుడ్డు వెనక అంచున చిన్న కాలవ ఉంటుంది. అందులో చేరిన నీరు సీట్ల వెనక రెండు గొట్టాల గుండా దిగి బండి కింద పడుతుంది. ఆ గొట్టాల నోట్లో ఆకులు అడ్డుపడితే నీరు ఎదురు తన్ని సీటు వెనక నిలుస్తుంది. మామూలు కార్లలోనూ ముందు అద్దం కింద ఇలాంటి రంధ్రాలు ఉంటాయి, తలుపుల అడుగునా ఉంటాయి.

గుడిమల్కాపూర్ సందుల్లో నిలిపిన బండ్లకు ఆకులతో పాటు పూరేకుల బెడద కూడా ఉంది. బతుకమ్మ రోజుల్లో, వానలింకా పూర్తిగా వెళ్లకముందే, ఆ వీధుల నిండా బంతి రెక్కలు రాలి ఉంటాయి. తడిసిన రెక్కలు ముద్దగా మారి రంధ్రానికి బిరడాలా పడతాయి. ఇనుప తీగతో పొడిస్తే లోపల గొట్టం చిరగవచ్చు, లేదా ఊడిపోవచ్చు. మెత్తని ప్లాస్టిక్ తీగను మెల్లగా తిప్పుతూ దించాలి. ఆ తర్వాత ఒక చెంబెడు నీళ్లు పోసి, వంగి బండి కిందికి చూడాలి. మొదట బొట్టు బొట్టుగా, ఆపైన ధారగా నీళ్లు పడతాయి. ఆ ధారలో నిరుటి పండగకు రాలిన పసుపుపచ్చ రేకులూ కొట్టుకొస్తాయి.