ముందు మర, తర్వాతే మిషన్

పెనుగొండ, తణుకు, పాలకొల్లు వైపు ఇళ్ళలో ఇప్పుడు వంటగట్టు మీద ఎస్ప్రెసో మిషన్‌కి కూడా చోటు దొరుకుతోంది. సంతోషించాల్సిన మాటే. కాకపోతే కొనేవాళ్ళు అందరూ మొదట అడిగేది ‘ఏ కంపెనీది మంచిది, ఎన్ని బార్ల ఒత్తిడి’ అని. అసలు అడగాల్సింది గింజ ఎప్పుడు వేయించారు, ఏ మరలో ఆడిస్తారు అని. ఆ రెండూ కుదిరాక, చెయ్యి తిరిగే కొద్దీ రుచి పెరగనిచ్చే మిషన్ ఏదో చూసుకోవాలి. ఎంత ఖరీదైన మిషనైనా పాత పొడిలోంచి కొత్త రుచి తీయలేదు. మంచి మరలో అప్పుడే ఆడిన పొడి పడితే మామూలు మిషన్ కూడా మెప్పు పొందుతుంది. గోదావరి ఇళ్ళకు ఈ సంగతి ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. ఇత్తడి ఫిల్టరు తరతరాలుగా చెబుతున్నది ఇదే.

ఆ ఫిల్టరు పనితనం చూడండి. పైగిన్నె అడుగున సన్నని చిల్లులు, పొడి మీద అదిమి పెట్టడానికి కాడ ఉన్న చిల్లుల బిళ్ళ, కింద డికాక్షన్ పట్టే గిన్నె. అంతకుమించి ఏమీ లేదు. పొడి మరీ మెత్తనైతే చుక్క దిగదు, బరకైతే నీళ్ళు జారిపోయి పల్చటి కషాయం మిగులుతుంది. బిళ్ళను గట్టిగా నొక్కితే ఒక రుచి, వదులుగా ఉంచితే ఇంకో రుచి. తెర్లిన నీళ్ళను ఒక్క క్షణం ఆగి, చుట్టూ తిప్పుతూ పోసి, మూతపెట్టి పావుగంటకు పైగా వదిలేస్తే మొదటి డికాక్షన్ దిగుతుంది. దాన్ని చిక్కటి గేదెపాలలో కలిపి, గ్లాసులోంచి డబరాలోకి ఎత్తి తిరగపోస్తే వచ్చే నురగకు సాటి లేదు. ఇందులో ఒత్తిడి అంటే పైనున్న నీటి బరువే. మిగతా పనంతా సమయం చేస్తుంది. ఎస్ప్రెసో ఈ లెక్కనే తిరగేసింది. పావుగంట పనిని అరనిమిషానికి కుదించి, ఆ తేడాను ఒత్తిడితో పూడ్చింది. పొడి మెత్తదనం, తూకం, నీటి వేడి, సమయం అనే నాలుగూ రెండింటికీ ఉమ్మడి. అందుకే ఫిల్టరు చెయ్యి తెలిసిన ఇల్లాలు ఎస్ప్రెసో మిషన్ ముందు కొత్తమనిషి కాదు.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పుకుందాం. 1884లో టూరిన్ నగరంలో ఆంజెలో మొరియోండో ఆవిరితో కాఫీ దించే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1901లో లుయిజీ బెజ్జెరా దాన్ని కప్పుకప్పుకీ విడిగా దించేలా మార్చాడు. అప్పటి కాఫీ ఆవిరి దెబ్బకు మాడువాసన కొట్టేదంటారు. అసలు మొనగాడు మిలాన్‌కు చెందిన అకిల్లే గాజియా. ఆవిరిని పక్కకు నెట్టి, స్ప్రింగు పిస్టన్‌తో వేడినీటిని పొడిలోంచి తోయించాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆయన మీట మిషన్లు బజారుకొచ్చాయి. కప్పు మీద క్రీమా అనే తేనెరంగు నురగ కట్టడం అప్పుడే లోకం చూసింది. 1961లో ఎర్నెస్తో వలెంతె నాయకత్వంలో ఫైమా కంపెనీ తెచ్చిన ఇ61 మిషన్‌లో మీట పని విద్యుత్ పంపు చేసింది. పొడి బిగించే తలభాగంలో వేడినీరు ఆగకుండా తిరుగుతూ ఉండటంతో వేడి నిలకడగా ఉండేది. ఆ తల అమరికే నేటికీ ఎన్నో మంచి ఇంటి మిషన్లకు ఉంది. అరవై ఏళ్ళు దాటినా దాన్ని పక్కన పెట్టాల్సిన అవసరం రాలేదంటే అది ఎంత గొప్ప పనితనమో ఆలోచించండి.

మీట మిషన్ మీద చెయ్యి తిరిగినవాళ్ళు కాఫీ దించుతుంటే చూడటం ఒక భాగ్యం. పద్దెనిమిది గ్రాముల పొడి తూచి, పిడి ఉన్న గిన్నెలో పోసి, గడ్డలు లేకుండా సర్ది, మట్టంగా అదుముతారు. ఒకపక్కకు వాలితే నీళ్ళు అటే దారి చేసుకుంటాయి, మిగతా పొడి ఎండుగానే ఉండిపోతుంది. మీట కిందకు లాగితే నీళ్ళు పొడిని తడుపుతాయి. కొన్ని సెకన్లు నాననిచ్చి వదిలితే స్ప్రింగు తొమ్మిది బార్ల దాకా ఒత్తిడి పెట్టి, మెల్లగా తగ్గించుకుంటూ వస్తుంది. ముందు చిక్కటి నల్లచుక్కలు, ఆపైన తేనెలా జారే సన్నని ధార. రంగు పాలిపోగానే కప్పు లాగేయాలి, లేకపోతే చేదు దిగుతుంది. అంతా కలిపి ఇరవై ఐదు, ముప్ఫై సెకన్లు. కప్పులో ముప్ఫై ఆరు గ్రాముల కాఫీ. ధార తొందరగా పారితే మర్నాడు మరను ఒక గీత బిగిస్తారు, ఆగిపోతే ఒక గీత వదులుతారు. ఈ ఒక్క గీత తేడాను పట్టివ్వలేని మర ఎంత అందంగా ఉన్నా వంటింటికి బరువే. మిక్సీలో కొట్టిన పొడి ఎస్ప్రెసోకు అసలు పనికిరాదు. అందులో పిండీ ఉంటుంది, నూకా ఉంటుంది.

ఇక మోసాల సంగతి. ‘పదిహేను బార్లు’ అని పెట్టె మీద పెద్దక్షరాలతో అచ్చేస్తారు. అది పంపు పుట్టించగల గరిష్ఠ ఒత్తిడి. కాఫీకి కావాల్సింది తొమ్మిదే. చవక మిషన్లతో వచ్చే, రెండు పొరల అడుగున్న గిన్నె ఇంకా అన్యాయం. దాని అడుగున ఒకే ఒక్క సూదిబెజ్జం ఉంటుంది. కాఫీ అందులోంచి చిమ్మి నురగ కడుతుంది. ఆరునెలల నాటి పొడి వేసినా కడుతుంది. అది దొంగనురగ. నిజమైన క్రీమా కొత్తగా వేయించిన గింజలోని వాయువు వల్ల పుడుతుంది. పెళ్ళిళ్ళలో ‘ఎక్స్‌ప్రెసో’ అని బుస్సుమంటూ ఇచ్చే కాఫీ అయితే గుండె మండిస్తుంది. ఇన్‌స్టంట్ పొడి, పంచదార, పాలు కలిపి ఆవిరి పట్టించి, పైన ఇంకాస్త పొడి చల్లుతారు. గాజియా పక్కకు నెట్టిన ఆవిరికే ఎస్ప్రెసో పేరు తగిలించారు! వాసవీ అమ్మవారి ఊరైన పెనుగొండలో, ఇరవై ఐదు రకాలు వడ్డించే పంక్తి చివర ఆ కాఫీ ఇవ్వడం పంక్తికే అవమానం. పెళ్ళికి నిలువెత్తు ఫిల్టరు పెట్టి డికాక్షన్ దించే వంటవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళను పిలిచేవాళ్ళే తగ్గిపోయారు.

‘మనం పాలు పోసుకు తాగేవాళ్ళం, ఇంత సూక్ష్మం దేనికి’ అనేవాళ్ళు ఉన్నారు. పాలు పోస్తారు కాబట్టే కావాలి. గేదెపాల వెన్నకు, తీపికి పల్చటి కాఫీ ఎదురు నిలవదు. డికాక్షన్‌లాంటి గట్టి కాఫీయే నిలుస్తుంది. ‘ఒక్కో కప్పే వస్తుంది, పదిమంది చుట్టాలొస్తే ఎలా’ అన్న మాట మాత్రం నిజం. ఆ రోజున ఫిల్టరే దిక్కు. మిషన్ కొన్నామని ఫిల్టరును అటకెక్కించకండి. ఖర్చు మాటకొస్తే, డబ్బు తక్కువైనప్పుడు మిషన్‌లో తగ్గించుకోండి, మరలో తగ్గించుకోకండి. మంచి చేతిమర, కరెంటు అక్కర్లేని మీట పరికరం, వేడినీళ్ళు చాలు. కరెంటు పోయినా కాఫీ ఆగదు. కరెంటు మిషనే కావాలంటే ఒకే బాయిలరు, మామూలు గిన్నె, విడిభాగాలు మన దగ్గర దొరికేది చూసుకోండి. అమెరికా నుంచి పిల్లలు తెచ్చే మిషన్ 120 వోల్టులది. మన 230 వోల్టుల్లో నేరుగా పెడితే కాలిపోతుంది. పద్నాలుగు వందల వాట్ల హీటరుకు సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ అంటే చిన్న వస్తువేమీ కాదు. ఇక డెల్టాలో చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పన, బాయిలరుకు శత్రువు. పూర్తిగా ఖనిజాలు తీసేసిన నీళ్ళతోనూ కాఫీ చప్పబడుతుంది. ఖనిజం కొంచెం మిగిలిన తాగునీరే సరైనది.

గింజ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. తూర్పు కనుమల్లో కాఫీ మొదలైందే మన గోదావరి మన్యంలో, పాములేరు లోయలో. 1898లో బ్రోడీ అనే దొర నాటించాడంటారు. అక్కడి నుంచి పెరిగిన పంట అరకులో గిరిజన రైతుల చేతుల్లో పేరు తెచ్చుకుంది. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు, 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన దేశపు కాఫీని ఎక్కువగా కొనే దేశాల్లో ఎస్ప్రెసో పుట్టిన ఇటలీయే ముందుంటుంది. మిషన్‌కు చికోరీ కలవని గింజ తీసుకోండి. చికోరీ జిగటగా పట్టేసి దారి మూస్తుంది. ఫిల్టరుకు చికోరీ కావాలంటే అది ఎంత శాతమో అడగండి. కాఫీ 51 శాతానికి తగ్గకూడదని, ఎంత కలిపారో పొట్లం మీద రాయాలని చట్టమే చెబుతోంది.

కాఫీపొడి దుకాణాలవారికి ఒక్క విన్నపం. గింజ వేయించిన తేదీని పొట్లం మీద చేత్తో అయినా రాసివ్వండి. కొనేవాళ్ళకు ఒక మాట: ఆ తేదీ లేని పొట్లాన్ని తిరిగిచ్చేయండి.