పెట్టె విప్పడం, గొట్టంలో నెట్టడం

ఆఫీసు ఔటింగ్‌లోనో, అమెరికాలో పిల్లల పుట్టినరోజు పార్టీలోనో పెయింట్‌బాల్ ఆడినవాళ్ళకు టిప్‌మన్ 98 కొత్త కాదు. పేరు తెలియకపోవచ్చు గానీ, అద్దె మైదానాల్లో చేతికిచ్చే ఆ నల్లటి మొద్దు మార్కర్ (రంగు బంతులు వదిలే తుపాకీ) చాలాచోట్ల అదే, లేదంటే దాని తోబుట్టువే. ఇండియానాలోని ఫోర్ట్ వేన్ సరుకు. దాని పక్కన నేను పెట్టదలచుకున్నది ఆటోకాకర్. కాలిఫోర్నియాలో బడ్ ఓర్ రూపొందించగా, 1990లలో టోర్నమెంటు ఆటగాళ్ళు మోజుపడి కొనుక్కున్న యంత్రం.

రెండింటిలోనూ జరిగే పని ఒకటే. స్ప్రింగు తోసిన సుత్తి వచ్చి వాల్వ్ కాడను కొడుతుంది. కాడకున్న సీలు రెప్పపాటు లేచి మూసుకుంటుంది. ఈలోగా బయటపడిన గాలి 0.68 అంగుళాల రంగు బంతిని సెకనుకు 300 అడుగులకు మించని వేగంతో తోస్తుంది. ఆ గాలి పక్కదారి పట్టకూడదంటే వాల్వ్ బిగుతుగా కూర్చోవాలి. బాగుచేయడానికి తీయబోయిన రోజున ఆ బిగుతే మన మీద తిరగబడుతుంది. దాన్ని ఎక్కడ పెట్టాలన్న దగ్గరే ఈ రెండింటికీ దారులు వేరయ్యాయి.

టిప్‌మన్ దారి సూటిది. ఒళ్ళంతా నిలువునా రెండు చెక్కలు. అలెన్ కీతో స్క్రూలు తీసి, పక్కకు పడుకోబెట్టి పై చెక్క ఎత్తితే వాల్వ్ తన గాడిలో పడుకుని కనిపిస్తుంది. లాగే పనీ లేదు, నెట్టే పనీ లేదు. బిగుతంతా పవర్ ట్యూబు (గాలిని బంతివైపు నడిపే గొట్టం) చుట్టూ, వెనక బోల్ట్ (ఇక్కడ సుత్తి అదే) దగ్గర ఉండే ఓ-రింగులనే సీలు వలయాల్లోనే. అవి కూడా కళ్ళెదుటే ఉంటాయి. తిప్పలు మూసేటప్పుడు మొదలవుతాయి. వాల్వ్ గాడిలో వెంట్రుకవాసి ఎత్తుగా ఉన్నా చెక్కలు కలవవు. అప్పుడు చాలామంది చేసే పని, స్క్రూలు బిగించి చెక్కల్ని దగ్గరికి లాగడం. స్క్రూ ఉన్నది పట్టి ఉంచడానికి. దానితో లాగిస్తే అల్యూమినియంలో మరలు పోతాయి.

ఆటోకాకర్‌లో తెరవడానికి చెక్కలు లేవు. ఒకే దిమ్మెలో ఒకదానిమీద ఒకటిగా తొలిచిన రెండు గొట్టాలు: పైదాంట్లో బంతిని ముందుకు నెట్టే బోల్ట్, కిందిదాంట్లో సుత్తి, దాని ముందు వాల్వ్. వాల్వ్‌ను వెనకనుంచి జొనిపి, వెనకే ఒక నట్టుతో బంధిస్తారు. దాన్ని తీయాలంటే సుత్తి, స్ప్రింగు బయటికి రావాలి. పొడుగాటి గొట్టంలాంటి ప్రత్యేకమైన పనిముట్టు లోపలికి పోవాలి. అది బోలుగా ఉండటానికి కారణం వాల్వ్ కాడ. ఉత్త స్క్రూడ్రైవర్ దూర్చినవాడు ముందు వంచేది ఆ కాడనే. వంగిన కాడతో సీలు సరిగా మూసుకోదు, గాలి కారుతూనే ఉంటుంది. నట్టు వచ్చినా వాల్వ్ కదలకపోతే ముందువైపు విప్పి, స్ప్రింగునూ కాడతో ఉన్న సీలునూ తీసేసి, చెక్క పుల్లతో వెనక్కి నెట్టాలి. ఇనుప కడ్డీ పనికిరాదు: పుల్ల ఆనే ముఖం మీదే సీలు కూర్చునే సన్నటి అంచు ఉంది. దానికి గీత పడితే ఆ వాల్వ్ ఇక గాలి నిలపదు. తిరిగి పెట్టేటప్పుడు దాని రంధ్రం పై గొట్టంలోకి పోయే దారికి సరిగ్గా ఎదురుగా రావాలి. బోల్ట్ తీసి లైటు వేసి చూసుకోవాల్సిందే. టిప్‌మన్‌కు కళ్ళు చాలు, ఇక్కడ వేళ్ళకూ చదువు కావాలి. ఇందులో కాస్త దర్పం ఉందనేవాళ్ళతో నేను వాదించను.

ఇంత తేడా ఉన్నా, ఇరుక్కుపోవడానికి కారణాలు మాత్రం అన్నదమ్ముల్లా ఒక్కలాగే ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్ సీసా వాడితే మామూలు నైట్రైల్ ఓ-రింగు ఆ వాయువును పీల్చుకుని ఉబ్బుతుంది. ఆట కాగానే తీయబోతే రాదు, కాసేపు వదిలేస్తే సన్నబడి తనంతట తనే వస్తుంది. పాలియురెథేన్ రింగుకు ఈ బాధ తక్కువ. టిప్‌మన్‌లో వాయువు సీసా ఒత్తిడితోనే, అంటే గది వేడిమిలో చదరపు అంగుళానికి సుమారు 850 పౌండ్లతో, వాల్వ్‌లోకి వస్తుంది. ఆటోకాకర్‌లో మధ్యన రెగ్యులేటరు కూర్చుని దాన్ని చాలావరకు తగ్గిస్తుంది. ఒత్తిడి ఎంతైనా, నూనె లేక పొడిబారిన రింగు రెండుచోట్లా పట్టేస్తుంది. అలాగే ఇత్తడి వాల్వ్, అల్యూమినియం ఒళ్ళు తడిలో కలిసి ఉంటే తెల్లటి పొడి పుట్టి రెంటినీ అతికిస్తుంది. అప్పుడు బేరింగు వేడిచేసి ఎక్కించే మన మోటారు మెకానిక్కుల కిటుకే ఆటోకాకర్‌కూ పనిచేస్తుంది: ఒంటిని వేడినీళ్ళలో ఉంచితే అల్యూమినియం ఇత్తడికన్నా కాస్త ఎక్కువ వ్యాకోచించి పట్టు సడలిస్తుంది. టిప్‌మన్‌కు ఆ అవసరం దాదాపు రాదు.

నేర్చుకునేవాడికి టిప్‌మన్ ఇవ్వండి, నేర్చుకున్నవాడికి ఆటోకాకర్ ఇవ్వండి అనేస్తే తేలికే గానీ, నాకది టిప్‌మన్‌కు అన్యాయంగా తోస్తుంది. పగలంతా డజన్లకొద్దీ మార్కర్లు బురదలో పడి లేచే మైదానంలో ఆటోకాకర్ మెకానిక్కు రెండోరోజే పారిపోతాడు. రెండిట్లో ఏది విప్పినా ముందు సీసా తీసి, బ్యారెల్ నేలవైపు పెట్టి, లోపల మిగిలిన గాలి పోయేదాకా ట్రిగ్గర్ నొక్కండి. కళ్ళజోడు మాత్రం తీయకండి.