దిగులు ఎవరిది, జబ్బు ఎవరికి?

దళిత విద్యార్థి క్యాంపస్‌లో ప్రాణం తీసుకుంటే పిరికివాడు అంటారు. చదువు భారం మోయలేకపోయాడు అంటారు. ఈ మాటలే నివేదికలకు ఎక్కితే శాస్త్రీయం అవుతాయి.

రోహిత్ వేముల 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మరణించాడు. కేంద్రం వేసిన రూపన్‌వాల్ కమిషన్ కారణాన్ని ఆయన సొంత నిరాశలో వెతికింది. అదే కమిషన్ కౌన్సెలింగ్, ఫిర్యాదుల వ్యవస్థ కావాలని సిఫారసు చేసింది. జబ్బు మనిషిదని తేల్చి, మందు మాత్రం విశ్వవిద్యాలయానికి రాసివ్వటం ఏం న్యాయం?

రోహిత్‌కు నెలల తరబడి ఫెలోషిప్ రాలేదు. హాస్టల్ నుంచి వెలివేస్తే తోటివాళ్ళతో ఆరుబయట 'వెలివాడ' కట్టుకున్నాడు. అంతకు ముందు, 2008లో, అదే క్యాంపస్‌లో మరణించిన భౌతికశాస్త్ర విద్యార్థి సెంథిల్ కుమార్‌కు గైడునే కేటాయించలేదు. ఫెలోషిప్, గది, గైడు - ఇవి మనస్తత్వ సమస్యలా? సంతకంతో తీరే సమస్యలు.

నిబంధనలు లేక కాదు. సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలని యూజీసీ 2012లోనే చెప్పింది. వాటిని అమలు చేయించమని 2019లో రోహిత్ తల్లి, పాయల్ తాడ్వి తల్లి సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు చేయాల్సిన పనా ఇది?

కౌన్సెలింగ్ వద్దనటం లేదు. దుఃఖంలో ఉన్నోడి పక్కన కూర్చునే మనిషి కావాలె. కానీ ఆ మనిషి ఎవరు, ఏ భాషలో వింటాడు? ఆసిఫాబాద్ నుంచి పోయిన గోండు, కొలాం పిల్లలు తమ బాధను ముందు తెలుగులోకో ఇంగ్లీషులోకో మార్చుకోవాలె. అప్పటికి సగం బాధ గొంతులోనే ఆగిపోతది. కుమ్రం భీం 1940లో నేలకొరిగిన తర్వాత, నిజాం సర్కారు కాలంలోనే, హైమండార్ఫ్ చొరవతో 1943లో మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండీలో వాచకాలొచ్చాయి. తిరుగుబాటు భయమే ఆ పని చేయించి ఉండొచ్చు. అయినా తమ మనిషి, తమ భాష ఉంటేనే పిల్లవాడు నోరు విప్పుతాడన్నది అక్కడ తేలిన సంగతి. మన విశ్వవిద్యాలయాలు దాన్ని ఇంకా నేర్వలేదు.

సిబ్బంది సంగతి? మెస్సులో వండే, గదులు ఊడ్చే కాంట్రాక్టు కార్మికులకు, పీరియడ్ లెక్కన బతికే గెస్ట్ లెక్చరర్లకు ఫిర్యాదంటేనే పని పోతుందన్న భయం. ఆ భయం తీయని సహాయ కేంద్రం బోర్డు మాత్రమే.

కాబట్టి ఏ క్యాంపస్‌నైనా మనం అడగాల్సింది ఎంతమందికి కౌన్సెలింగ్ ఇచ్చారని కాదు. ఎన్ని ఫెలోషిప్పులు ఆగాయి, ఎందరికి గైడు లేడు, ఎన్ని ఫిర్యాదులు తేల్చారు, తేల్చినవాళ్ళలో మనవాళ్ళెందరు? ఈ లెక్క ఏటా బయటపెట్టమని అడుగుదాం.